ఊరు మారాక పెరిగిన బరువు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊబకాయం మా పాఠాల్లో చివరి పేజీల విషయం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసే డాక్టరుకు దానితో పని పడుతుందని ఎవరూ అనుకోలేదు. అప్పట్లో మేం చూసింది బక్కచిక్కిన పిల్లల్ని, రక్తం లేని బాలింతల్ని, వానాకాలం జ్వరాల్ని. నాది కమ్యూనిటీ మెడిసిన్. అంటే ఒక్కొక్క మనిషిని కాకుండా ఊరంతటినీ కలిపి పరీక్ష చేసే వైద్యం. ఊళ్ళు తిరుగుతూ, వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ నా సర్వీసంతా ఈ రెండు జిల్లాల్లోనే గడిచింది. రిటైరయ్యే నాటికి అవే ఊళ్ళలో, ఒక్కోసారి అవే ఇళ్ళలో, ఒకప్పుడు ఎముకలు తేలి కనిపించిన ఆడపిల్లలు నడివయసు రాకుండానే ఒళ్ళు బరువెక్కి, సుగరుతో, మోకాళ్ళ నొప్పులతో నా ఎదురుగా కూర్చున్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా పదోన్నతులూ బదిలీలూ ఎవరికీ అక్కర్లేదు. ఒక్క కాలనీ గురించి చెబుతాను. నేర్చుకున్నదాంట్లో సగానికి పైగా అక్కడే నేర్చుకున్నాను. ఇప్పటికీ పొద్దుటే లేవగానే మనసులోకి వచ్చి కూర్చునే బాధ కూడా అక్కడిదే.

మడి నీళ్ళ కింద

ఆ కాలనీ పాతపట్నం వైపు పోయే రోడ్డు పక్కన ఉంది. ఒక జలాశయం కింద ఊరు మునిగిపోతే, ఊరివాళ్ళకు ఇళ్ళు కట్టి ఇచ్చిన చోటు. పేరు రాయను. అన్నీ ఒకే తీరు ఇళ్ళు, వరసలుగా సిమెంటు వీధులు. ముందు రోడ్డు, దాని మీద రాత్రనక పగలనక గ్రానైటు లారీలు. వెనక ఎవరిదో జీడితోట, దానికి ముళ్ళకంచె.

బీపీ, సుగరు పరీక్షలకని మేం మొదటిసారి అక్కడికి వెళ్ళాం. ఆడవాళ్ళ బరువులు చూసి మా బృందంలో అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పక్క ఊళ్ళో అదే కులంవాళ్ళు, అదే వయసువాళ్ళు, అదే కోటా బియ్యం తినేవాళ్ళు అలా లేరు. అప్పుడు మా శాఖకు పెద్దగా ఉన్న ప్రొఫెసరు గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఏముందమ్మా, నష్టపరిహారం వచ్చింది, పని పోయింది. తిని కూర్చుంటున్నారు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మా అందరి మనసులో ఉన్న మాటే ఆయన పైకి అన్నారు.

ఆ మాట వరసలో నిలబడ్డ సూరమ్మ చెవిన పడింది. నలభై దాటి ఉంటాయి. బరువు చూపించుకుని దిగి, పక్కనే మెట్టు మీద కూలబడి ఆయాసపడుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను.

"రోజూ ఏం తింటావమ్మా?"

"ఏటి తింతాను, అన్నమే."

"కూరలు?"

"సంత జరిగిన్నాడు కూర. మిగతా రోజులు ఊరగాయి. ఒక్కోపాలి బంగాళదుంప." తనే మళ్ళీ అందుకుంది. "పాతూర్లో కూర కొన్నదెప్పుడమ్మా. పొలమెల్తే గట్టుమీద తోటకూరుండీది, పొన్నగంటుండీది. దొడ్లో ఆనపపాదుండీది. సోళ్ళంబలి తాగి ఎల్తే మజ్జానం దాకా ఆకలేసీది కాదు. ఇక్కడ ఇంటి ముందర సిమెంటు, ఎనకాల సిమెంటు. ఏటి ఎయ్యగల్ను?"

తర్వాత ప్రొఫెసరు గారి వైపు చూసి, గొంతు పెంచకుండానే అంది. "ఆ బాబుగోరు తిని కూకుంతన్నారంతన్నారు. ఇన్నాను. కూకోక ఏటి సెయ్యాలో మీరే సెప్పండి. నా మడి నీల్లకింద ఉన్నాది."

జీపులో రంగుల పోస్టర్ల కట్ట ఉంది. తక్కువ నూనె, ఎక్కువ ఆకుకూరలు అని వాటి మీద రాసి ఉంది. ఆరోజు వాటిని అంటించకుండానే వెనక్కి తెచ్చేశాను.

విశ్వనాథం గారి బాణాలు

విజయనగరంలో మా వీధిలో విశ్వనాథం గారని ఒక పెద్దాయన ఉండేవారు. కాలువల శాఖలో ఇంజనీరుగా చేసి, తర్వాత ఇంజనీరింగు కళాశాలలో సిస్టమ్స్ సైన్స్ చెప్పేవారు. బీపీ చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చి, చూపించుకున్నాక మా వంటింట్లో పకోడీలు తినేసి వెళ్ళేవారు. ఒకరోజు మాటల్లో ఈ కాలనీ సంగతి చెప్పాను.

"ఎప్పుడు మొదలైంది? ఊరు మారిన ఏడాదే ఒళ్ళు వచ్చిందా, ఆ తర్వాతా? ముందు ఎవరికి వచ్చింది?" అని అడిగారు.

నాకు తెలియదన్నాను.

"చెరువు నిండిపోయిందంటే నేను నీళ్ళను తిట్టనమ్మా. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎటు పోవడం ఆగింది, అది ఎందుకు ఆగింది, ఆ కారణానికి వెనక కారణమేమిటని పోతాను. మీరు మాత్రం మనుషుల్ని తిడుతున్నారు."

ఆయన చెప్పే శాస్త్రం గురించి నాకు అర్థమైనంత చెబుతాను. జనంలో ఊబకాయం ఒక్క కారణంతో రాదు. తిండి, నడక, పని, దారి, సంత, భయం, సిగ్గు ఇలాంటివన్నీ ఒకదాన్నొకటి నెడుతూ ఉంటాయి. కొన్ని చోట్ల కారణం ఫలితాన్ని పెంచుతుంది, ఆ ఫలితం తిరిగి వచ్చి కారణాన్నే పెంచుతుంది. అలా ఒక చక్రం ఏర్పడితే ఎవరూ నెట్టకుండానే అది తిరుగుతూ పోతుంది. అందులోంచి ఒక్క ముక్కను పట్టుకుని సరిచేసినా, మిగతావి దాన్ని మళ్ళీ పాత చోటుకే లాగేస్తాయి. కాబట్టి ముందు ఆ చక్రాల బొమ్మ గీయాలి. గీయాల్సింది మనం మన గదిలో కూర్చుని కాదు, అందులో తిరుగుతున్నవాళ్ళతో కలిసి.

ఆయన్ని తీసుకుని కాలనీకి వెళ్ళాను. సామాజిక భవనంలో నేల మీద పెద్ద కాగితం పరిచి, నడిమధ్య 'బరువు' అని రాసి, "ఇది దేనివల్ల పెరుగుతోంది?" అని అడిగారు. ముందు సూరమ్మే నోరు విప్పింది.

"మోకాలు నొప్పండి. అందుకని నడవం, ఆటో ఎక్కుతాం."

"ఆటో ఎక్కితే?"

"నడిసీవోల్లు తగ్గిపోతారు. పాతూరి బండిదారి ఒకటున్నాది, కాలవ దాకా ఎల్తాది. మొదట్లో అందరం అటే ఎల్లీవోలం. ఎవలూ ఎల్లక తుప్పలు పెరిగిపోనాయి. తుప్పలుంటే పావులు, తాగీసినోల్లు. ఆడోలం ఒంటిగా ఎలగెల్తాం? మల్లీ ఆటోయే."

విశ్వనాథం గారు బాణాలు గీస్తూ పోయారు. మోకాలి నుంచి ఆటోకి, ఆటో నుంచి తుప్పలకి, తుప్పల నుంచి భయానికి, భయం నుంచి మళ్ళీ ఆటోకి, అక్కణ్ణుంచి బరువుకి, బరువు నుంచి మోకాలికి. గీత చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది. ఆడవాళ్ళు ముందుకు వంగి చూడటం మొదలుపెట్టారు. మగవాళ్ళు విశాఖపట్నం, చెన్నై పనులకు పోవడం, ఒక్కదాని కోసం కూర వండుకోబుద్ధి కాక టీ, బిస్కెట్లతో గడిపేయడం, సంత దూరం కావడంతో ఆకుకూర ఇల్లు చేరేసరికి వాడిపోవడం, ఒక్కొక్కరూ చెప్పారు.

సూరమ్మ కోడలు గౌరి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పాతికేళ్ళ పిల్ల. లోపలికి రమ్మన్నా రాలేదు. అక్కణ్ణుంచే అంది. "లావైనాక బయటికెల్తే నవ్వుతారండి. అందుకే ఎల్లం. ఎల్లకపోతే ఇంకా లావైపోతాం. అది రాసీరా?"

విశ్వనాథం గారు 'సిగ్గు' అని రాసి రెండు వైపులా బాణాలు గీశారు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "కాలువల శాఖలో మా లెక్కల్లో ఎంత నీరు నిలుస్తుందో ఉండేది. ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు ఆ తర్వాత ఎలా బతుకుతారో ఏ లెక్కలోనూ ఉండేది కాదు" అన్నారు.

ఏ బాణం మీద సంతకం?

ఆ బొమ్మను ఆయన కంప్యూటరులోకి ఎక్కించారు. దాంతో ఏది మారిస్తే ఏమవుతుందో వేసి చూశాం. సలహాలు మాత్రమే పెంచితే బరువు చూపే గీత కొంచెం వంగి మళ్ళీ పాత దారికే వచ్చింది. వ్యాయామం ఒక్కటే పెట్టినా అంతే. కూరలు పండించుకునే చోటు, భయం లేకుండా వెళ్ళే దారి, బయటికి వెళ్ళడానికి ఏదో ఒక పని, ఈ మూడూ కలిపి పెడితే మాత్రం గీత కిందికి దిగింది. అదైనా చాలా నెమ్మదిగా. యంత్రంలో కనిపించిందంతా నిజమని నేను అనను, ఆయనా అనేవారు కాదు. వేటిని విడదీయకూడదో మాత్రం అది స్పష్టంగా చూపించింది.

ఆ బొమ్మ పట్టుకుని జిల్లా స్థాయి అధికారి ఒకరి దగ్గరికి వెళ్ళాం. చురుకైన మనిషి, ప్రజల పట్ల మంచి మనసున్నవారు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు.

"డాక్టరు గారూ, ఇన్ని బాణాలున్నాయి. నేను ఏ బాణం మీద సంతకం పెట్టాలి?"

"మూడు కలిపి కావాలి సార్."

"మూడూ మూడు శాఖలవి. ఒక్కటి చెప్పండి, రేపే చేయిస్తాను. పార్కుల్లో వ్యాయామం పరికరాలు పెడుతున్నాం కదా, అవి వేయించేదా?"

విశ్వనాథం గారు వద్దన్నారు. చీర కట్టుకున్న ఆడమనిషి నలుగురి ముందు వాటి మీద ఎక్కదని విడమరిచి చెప్పారు. ఆ అధికారి విన్నారు. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వినే పై అధికారి దొరకడం ఎంత అరుదో మీకు ముందు ముందు తెలుస్తుంది. కాలనీ చివర ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలంలో ఆడవాళ్ళు కూరమళ్ళు వేసుకోవచ్చని నోటిమాటగా చెప్పారు. బండిదారి తుప్పలు ఉపాధి పనుల్లో కొట్టించారు. కాలువ దాకా దీపాలు వేయించారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. ఆ స్థలంలో తోటకూర, బచ్చలి, వంగ, బరబాటీలు వచ్చాయి. సూరమ్మ కంచె పొడవునా ఆనపపాదు పాకించింది. పొద్దున్నే మళ్ళకు నీళ్ళ కోసం కాలువ దాకా గుంపుగా వెళ్ళడం, సాయంత్రం మళ్ళీ వెళ్ళడం అలవాటైంది. దారిలో ఆడవాళ్ళు కనిపిస్తుంటే తాగేవాళ్ళు వేరే చోటు చూసుకున్నారు. గౌరి కూడా బయటికి రావడం మొదలుపెట్టింది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు మడిలో గొప్పు తవ్వుతూ కనిపించి, "నవ్వీవోల్లు కూడా ఇక్కడే తవ్వుతన్నారండి, ఇంకెవలు నవ్వుతారు?" అంది. ముందు తిరిగిన చక్రమే ఇప్పుడు అటునుంచి ఇటు తిరుగుతోంది.

బరువులు మాత్రం వెంటనే తగ్గలేదు. పెరగడం ఆగింది. కొందరికి సుగరు మందు తగ్గించగలిగాం. ఏడాది తిరిగేసరికి పైనుంచి ఒకటే ప్రశ్న వచ్చింది, ఎన్ని కిలోలు తగ్గారని. చూపించడానికి నా దగ్గర అంకె లేదు. ఏళ్ళ తరబడి ఎక్కిన మట్టం ఏడాదిలో దిగదని విశ్వనాథం గారు ముందే చెప్పారు. ఆ మాట నేను ఎన్ని సమావేశాల్లో చెప్పినా, అది సాకులాగే వినిపించింది. ఫలితం కనిపించడానికి పట్టే కాలం కంటే అధికారి ఒకచోట ఉండే కాలం తక్కువ. మా పని పాడైపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటి లేదని నేను నమ్ముతాను.

భవనం వచ్చింది

ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తాయన వచ్చిన కొన్నాళ్ళకు కాలనీకి ఆరోగ్య కేంద్రం మంజూరైంది. అలాంటిది ఒకటి కావాలని మా శాఖ ఎప్పటినుంచో అడుగుతోంది. నేనూ అడిగినదాన్నే. కాన్పు నొప్పులొస్తే ఆడవాళ్ళు ఆటోలో పాతపట్నం దాకా పోవాల్సి వచ్చేది. కబురు తెలిసిన రోజు నేను సంతోషించాను. ఆ తర్వాత తెలిసింది, ఆడవాళ్ళ కూరమళ్ళున్న చోటే దానికి స్థలమని.

కాలనీలో ప్రభుత్వానికి మిగిలిన ఖాళీ స్థలం అదొక్కటే. కాగితాల్లో అక్కడ కూరమళ్ళు లేవు. నోటిమాట కాగితం మీదికి ఎక్కలేదు.

కొత్త అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా మర్యాదగానే మాట్లాడారు.

"మీరు డాక్టరై ఉండి ఆసుపత్రి వద్దంటారా?"

"వద్దనడం లేదు సార్. ఆ చోటు వద్దంటున్నాను. జీడితోట పక్కన కొంచెం కొంటే..."

"కొనడానికి రెండేళ్ళు. అప్పటికి మంజూరు వెనక్కి పోతుంది. నాలుగు వంకాయ మొక్కల కోసం ఆసుపత్రి పోగొట్టారని నన్నంటారు. మిమ్మల్నీ అంటారు."

అవి నాలుగు వంకాయ మొక్కలు కావని నాకు తెలుసు. అవేమిటో ఆ నిమిషంలో ఆయనకు పట్టేట్టు చెప్పలేకపోయాను. బొమ్మ తీసి బల్ల మీద పరిచాను. ఆయన ఫోను మోగింది. మాట్లాడటం అయ్యాక, ఇంకేమైనా ఉందా అన్నట్టు నా వైపు చూశారు.

మళ్ళు పెరికేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎవరూ గొడవ పడలేదు. ఒకసారి ఊరినే వదిలి వచ్చినవాళ్ళు. కాపు మీద ఉన్న పాదును సూరమ్మ తనే కోసి, కాయలు ఇంటింటికీ పంచింది. నా చేతిలో కూడా ఒకటి పెట్టింది.

"మీరడిగినదేగదమ్మా ఆస్పత్రి," అంది. ఎత్తిపొడుపు కాదు. నన్ను ఊరుకోబెట్టడానికే అంది.

ఆ సాయంత్రం విశ్వనాథం గారింటికి వెళ్ళాను. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది, మంచం మీదే ఉంటున్నారు. జరిగింది చెప్పాను. ఆ బొమ్మ తెమ్మని, చాలాసేపు చూశారు.

"ఇందులో మనం లేమమ్మా" అన్నారు.

"అంటే?"

"మోకాలుంది, ఆటో ఉంది, సిగ్గు ఉంది. మీ శాఖ ఏది? మంజూర్లు ఏవి? బదిలీలేవి? ఆ కాలనీ బతుకును అన్నిటికంటే గట్టిగా నెట్టేవాళ్ళను మనం బొమ్మకు బయట కూర్చోబెట్టి గీశాం. బయట కూర్చుని చూస్తున్నామని అనుకున్నాం."

మళ్ళీ కొత్తగా గీయాలని అన్నారు. గీయలేదు. ఆ చలికాలంలోనే ఆయన పోయారు. తర్వాత నా దగ్గర ఆ పని తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. సర్వీసు కూడా కొద్దిగానే మిగిలింది.

మళ్ళు పోయాక కాలువ దాకా వెళ్ళే పని లేకపోయింది. పని లేని దారిలో మనుషులు తగ్గారు. రెండు వానాకాలాలకు తుప్పలు మళ్ళీ వచ్చాయి. దీపాలు పగిలాయి. మేం గీసిన బాణాల్లో ఒక్కటీ తప్పు కాలేదు.

చేరబోయేవారికి

సిస్టమ్స్ సైన్స్ ఇప్పుడు చాలాచోట్ల చెబుతున్నారట. సంతోషం. బొమ్మ అందంగా వస్తే పని అయిపోయిందని మాత్రం అనుకోకండి. అందులో మీ ఆఫీసును కూడా గీయండి, మీ పై అధికారి ఎన్నాళ్ళుంటాడో గీయండి. ఒకరు నోటిమాటగా ఇచ్చింది ఇంకొకరు కాగితంతో తీసేసుకోగలరని గుర్తుంచుకోండి. మంచి పనిని చెడ్డ పనే పాడుచేయాలని లేదు, ఇంకో మంచి పని చాలు. లావుగా ఉన్న మనిషి మీ ముందుకొచ్చి కూర్చుంటే, ఏం తింటున్నావని అడిగే ముందు ఏ ఊరు నుంచి వచ్చావని అడగండి.

ఆరోగ్య కేంద్రం వల్ల మేలు లేదని నేను అబద్ధం చెప్పను. అక్కడ కాన్పులు జరుగుతున్నాయి. సుగరు మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఆ మందులు వేసుకునేవాళ్ళ సంఖ్య ఏటికేడు పెరుగుతోంది. అది కూడా మా శాఖ సాధించిన పనిగానే లెక్కలోకి వస్తుంది.

రిటైరయ్యాక ఒకసారి, శ్రీముఖలింగం వెళ్ళి వస్తూ కాలనీ దగ్గర కారు ఆపించాను. ఆరోగ్య కేంద్రం వరండాలో బల్లల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. సూరమ్మ చేతికర్రతో ఉంది. ముఖం ఉబ్బింది. పక్కన గౌరి కూడా చీటీ పట్టుకుని కూర్చుంది. ఆమెకూ సుగరు వచ్చిందట. నన్ను చూసి తల వంచుకుంది. నేను వెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా కూర్చున్నాను.

"రిటైరైపోనారంట గదా," అంది సూరమ్మ. "మరిప్పుడేటి సేస్తన్నారమ్మా?"

"ఏముంది, ఇంట్లోనే. పొద్దున్నే కాసేపు నడుస్తాను."

"ఎక్కడ నడుస్తారు?"

"మా వీధి చివర పార్కుంది. సుట్టూ దారేసినారు," అన్నాను. వాళ్ళ మధ్య కూర్చుంటే నాకూ వాళ్ళ మాటే వచ్చేసింది.

సూరమ్మ కాసేపు రోడ్డు మీద పోయే లారీలను చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, మోకాలి మీద పెట్టుకుని నెమ్మదిగా నిమిరింది.

"మీకు తావున్నాది. మంచిదే," అంది. "నడక మానీకండమ్మా."

లోపలి నుంచి ఆమె పేరు పిలిచారు. నేనూ గౌరీ చెరో వైపు పట్టుకుని లేపాం.